మెలనోమా వచ్చాక ఎన్నేళ్లు? ఆ అంకె ఎలా పుడుతుంది

బయాప్సీ రిపోర్టు చేతికొస్తుంది. పది పదిహేను లైన్లుంటాయి. ‘మెలనోమా’ (ఎక్కువగా చర్మానికి వచ్చే ఒక రకం క్యాన్సర్) అన్న మాట దగ్గరే కళ్లు ఆగిపోతాయి, కింద రాసిందేదీ బుర్రకెక్కదు. ఇంట్లో ఎవరో ఒకరు అప్పటికే ఫోన్ తీసి వెతకడం మొదలుపెడతారు. ఒకచోట, ఐదేళ్లు దాటేవాళ్లు 99 శాతం పైనే అని ఉంటుంది. ఇంకోచోట 35 శాతం. ఎప్పుడో రాసిన మరో పేజీలో ఆరు నుంచి తొమ్మిది నెలలు అని. మూడూ ఒకే జబ్బు గురించి చెబుతున్నవే. మూడింటిలో ఏదీ కల్పించింది కాదు. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు.

ఆ రాత్రిని దృష్టిలో పెట్టుకునే ఇది రాస్తున్నాను. ‘డాక్టరుగారూ, ఎన్నేళ్లు?’ అన్న ప్రశ్నకు ఒకే అంకెతో జవాబు రాదు. ఎవరైనా అలా చెబితే, అది ఎవరి లెక్క అని తిరిగి అడగాలి. మచ్చ ఎంత లోతుకు దిగింది, ఎక్కడిదాకా పాకింది, ఆ లెక్కలో ఉన్నవాళ్లు ఏ కాలంలో వైద్యం చేయించుకున్నారు అన్న మూడింటి మీద ఆ అంకె ఆధారపడి ఉంటుంది. మొదటి రెండూ డాక్టర్లు చెబుతారు. మూడోదాన్ని ఇంటర్నెట్‌లో వెతికేవాళ్లు దాదాపుగా పట్టించుకోరు. ముదిరిన మెలనోమాలో అన్నిటికన్నా ఎక్కువ తేడా తెచ్చింది అదే.

ఏటీఎం కార్డంత మందం

చర్మానికి రంగునిచ్చే కణాలను మెలనోసైట్లు అంటారు. చర్మం పై పొర అడుగున వరసలో ఉంటాయి. చర్మంలో మెలనోమా పుట్టేది వీటిలోనే. ఆ పై పొరలో రక్తనాళాలు ఉండవు, లింఫు (కణాల మధ్య నుంచి పోగయ్యే పలుచటి ద్రవం) పారే నాళాలూ ఉండవు. క్యాన్సర్ కణాలు అక్కడే ఉన్నంతకాలం ఒంట్లో ఇంకో చోటికి పోవడానికి వాటికి దారి లేదు. ఈ దశను ‘ఇన్ సైటు’ అంటారు, అంటే స్టేజి సున్నా. చుట్టూ కాస్త మంచి చర్మంతో కలిపి కోసి తీసేస్తే దాదాపు అందరికీ అక్కడితో అయిపోతుంది. అడుగున ఉన్న సన్నటి హద్దు పొరను దాటి కింది పొరలోకి దిగితే మాత్రం పరిస్థితి మారుతుంది. అక్కడ రక్తం పారుతుంది, లింఫు పారుతుంది. ఎంత లోతుకు దిగితే అన్ని ఎక్కువ దారులు.

1969లో వాలెస్ క్లార్క్ అనే అమెరికన్ పాథాలజిస్టు (కోసిన ముక్కను మైక్రోస్కోపులో చూసి జబ్బు తేల్చే డాక్టరు), మచ్చ చర్మంలో ఏ పొరదాకా దిగిందో చూసి ఐదు మెట్లుగా విభజించాడు. కానీ చర్మం అన్నిచోట్లా ఒకే మందంలో ఉండదు, వీపు చర్మం వేరు, కనురెప్ప చర్మం వేరు. మరుసటి ఏడాది, 1970లో, అలెగ్జాండర్ బ్రెస్లో అనే మరో పాథాలజిస్టు పొరల గొడవ పక్కనపెట్టి మందాన్ని నేరుగా మిల్లీమీటర్లలో కొలిచాడు. యాభై ఏళ్లకు పైగా గడిచినా, వేరేచోటికి పాకని మెలనోమాలో రోగి భవిష్యత్తును ఆ కొలత చెప్పినంత బాగా చెప్పేది ఇంకొకటి రాలేదు. రిపోర్టులో ‘బ్రెస్లో మందం’ అని కనిపించేది ఇదే.

దాన్ని కొలిచే తీరు తెలిస్తే రిపోర్టు మీద గురి కుదురుతుంది. కోసి తీసిన ముక్కను మైనంలో బిగించి, వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేని పొరలుగా చెక్కుతారు. గాజు పలక మీద పరిచి గులాబీ, ఊదా రంగులు పట్టిస్తారు. మైక్రోస్కోపు కంటి కటకంలో చిన్న స్కేలు గీతలుంటాయి. చర్మం పై భాగంలో గింజలు చల్లినట్టు కనిపించే ఒక పొర ఉంటుంది, దాని పై అంచు దగ్గర సున్నా. అక్కడి నుంచి కిందికి, అన్నిటికన్నా లోతుగా దిగిన క్యాన్సర్ కణం దాకా గీతలు లెక్కపెడతారు. మచ్చ పైకి ఎంత వెడల్పుగా కనిపించినా ఈ కొలతకు సంబంధం లేదు. బొటనవేలి గోరంత వెడల్పున్న మచ్చ 0.4 మిల్లీమీటర్ల లోతే ఉండొచ్చు, బఠాణీ గింజంత బుడిపె 5 మిల్లీమీటర్లు దిగి ఉండొచ్చు.

అందుకే బయాప్సీ ఎలా తీశారన్నది కూడా ముఖ్యం. బ్లేడుతో పైపైన చెక్కి తీస్తే, ఆ ముక్క అడుగు అంచు వరకూ క్యాన్సర్ కణాలుంటే, పాథాలజిస్టు ‘కనీసం 0.9 మిల్లీమీటర్లు’ అని రాయాల్సి వస్తుంది. ఆ ‘కనీసం’ అన్న మాటను చాలామంది చదవకుండా దాటేస్తారు. అసలు లోతు ఎంతో తెలియలేదని దానర్థం.

ప్రపంచమంతా వాడే స్టేజి పద్ధతి అమెరికన్ జాయింట్ కమిటీ ఆన్ క్యాన్సర్ తయారు చేసింది. దాని ఎనిమిదో కూర్పు 2018 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అందులో మందానికి హద్దులు 1, 2, 4 మిల్లీమీటర్ల దగ్గర ఉన్నాయి. మొదటి గుంపు లోపల 0.8 దగ్గర ఇంకో గీత ఉంది. ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. కార్డును పక్కకి తిప్పి దాని అంచును చూడండి. దాదాపు ఆ అంచంత తేడా దగ్గరే ‘లింఫు గ్రంథి పరీక్ష అక్కర్లేదు’, ‘ఆలోచిద్దాం’ అన్న నిర్ణయాలు వేరవుతాయి.

మందంతోపాటు రిపోర్టులో వెతకాల్సిన ఇంకో మాట ‘అల్సరేషన్’, అంటే మచ్చ మీది చర్మం చితికి పుండు పడిందా అన్నది. ఇది కంటికి కనిపించే పుండు కానక్కర్లేదు, మైక్రోస్కోపు కింద పై పొర తెగి ఉంటే చాలు. గోకడం వల్లో, ముందు చేసిన బయాప్సీ వల్లో తెగితే అది లెక్కలోకి రాదు. క్యాన్సర్ తానే పై పొరను తినేసిందంటే అది చురుగ్గా పెరుగుతోందని అర్థం. అంతే మందం ఉన్నా పుండు పడితే స్టేజి ఒక మెట్టు పైకి జరుగుతుంది.

ఎనిమిదో కూర్పు కోసం 46,000 మందికి పైగా రోగుల వివరాలు చూశారు. వాటి ప్రకారం ఐదేళ్ల తర్వాత మెలనోమా వల్ల చనిపోకుండా ఉన్నవాళ్లు 1ఎ స్టేజిలో 99 శాతం, 1బిలో 97, 2ఎలో 94, 2బిలో 87, 2సిలో 82 శాతం. పదేళ్లకు చూస్తే 1ఎ 98 దగ్గరే నిలబడుతుంది, 2సి మాత్రం 75కి దిగుతుంది. వీళ్లందరిలోనూ జబ్బు చర్మం దాటి ఎక్కడికీ పోయినట్టు కనిపించలేదు. అయినా ఒక చివర వందలో ఇద్దరు, ఇంకో చివర నలుగురిలో ఒకరు.

బిళ్ల కట్టకముందే చూడటం

మెలనోమా పాకేటప్పుడు తరచుగా మొదట ఆగేది దగ్గర్లోని లింఫు గ్రంథుల్లో. కాలి మీది మచ్చ అయితే గజ్జల్లో, చేతి మీదిదైతే చంకలో, తల మీదిదైతే మెడలో. చేతికి బిళ్ల తగిలే దాకా ఆగితే అప్పటికే ఆలస్యం అయినట్టు. కానీ అనుమానం కొద్దీ అందరికీ గ్రంథులన్నీ తీసేస్తే చేయో కాలో జీవితాంతం వాచి ఉండే ప్రమాదం ఉంది. ఈ చిక్కుముడిని విప్పినవాడు డోనాల్డ్ మోర్టన్ అనే సర్జన్. 1992లో ఆయన బృందం ఒక పద్ధతి ప్రచురించింది. మచ్చ ఉన్నచోట నీలిరంగు ద్రవం ఎక్కిస్తే, అది లింఫు నాళాల వెంట పోయి ఏ గ్రంథికి ముందుగా చేరుతుందో దాన్ని ఒక్కదాన్నే తీసి చూడొచ్చు. కాపలా గ్రంథి అనుకోవచ్చు, డాక్టర్లు ‘సెంటినెల్ నోడ్’ అంటారు. ఇప్పుడు రంగుతోపాటు కొద్దిపాటి రేడియో ధార్మిక ద్రవం కూడా వాడతారు. ఆపరేషన్ టేబుల్ మీద సర్జన్ పెన్ను లాంటి పరికరాన్ని చంక మీద కదిలిస్తుంటే, గ్రంథి దగ్గరికి వచ్చేసరికి దాని శబ్దం జోరందుకుంటుంది. అక్కడ కోస్తే లోపల నీలంగా మెరిసే చిన్న గింజలాంటి గ్రంథి కనబడుతుంది.

ఆ గ్రంథిలో క్యాన్సర్ కణాలు కనబడితే స్టేజి మూడు. ఇక్కడ జనం గుండె జారిపోతుంది. మూడు అంటే రెండు కన్నా చెడ్డదే కదా అనుకుంటారు. అంకెలు చూడండి: 3ఎ స్టేజిలో ఐదేళ్లకు 93 శాతం, ఇందాక చెప్పిన 2సిలో 82. పలుచటి మచ్చ నుంచి గ్రంథికి నాలుగు కణాలు చేరిన మనిషి పరిస్థితి, గ్రంథి శుభ్రంగా ఉన్నా లోతుగా దిగి పుండు పడిన మచ్చ ఉన్న మనిషి కన్నా మెరుగ్గా ఉంటుంది. స్టేజి నంబరు మెట్ల వరస కాదని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. మూడో స్టేజి లోపల కూడా తేడా మామూలుది కాదు: 3బి 83, 3సి 69, 3డి 32 శాతం. ‘నాది మూడో స్టేజి’ అని చెప్పి ఊరుకుంటే ఏమీ చెప్పనట్టే. పక్కన అక్షరం కావాలి.

కాపలా గ్రంథిలో క్యాన్సర్ దొరికితే ఒకప్పుడు మిగతా గ్రంథులన్నీ తీసేసేవారు. 1,900 మందికి పైగా రోగులతో చేసిన పెద్ద పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. గ్రంథులన్నీ తీసినవాళ్లలోనూ, తీయకుండా అల్ట్రాసౌండ్‌తో కనిపెట్టుకుంటూ ఉన్నవాళ్లలోనూ మూడేళ్లకు మెలనోమాతో చనిపోకుండా ఉన్నవాళ్లు సరిసమానంగా 86 శాతం. తేడా కనిపించింది వాపులో: తీసినవాళ్లలో 24 శాతం మందికి, తీయనివాళ్లలో 6 శాతం మందికి. అప్పటి నుంచి చాలాచోట్ల ఆ పెద్ద ఆపరేషన్ మానేశారు. గ్రంథి పరీక్ష వల్ల ప్రాణం నిలుస్తుందా అన్నదానికన్నా, ఎవరికి ఏ మందు కావాలో తేల్చడంలో దాని ఉపయోగం ఎక్కువ.

ఆ శాతాలు ఎవరివి?

మొదట్లో చెప్పిన 99 శాతం, 35 శాతం అమెరికా క్యాన్సర్ రిజిస్ట్రీ లెక్కలు. అక్కడ మూడే గుంపులు: చర్మం దాటనివి, దగ్గరి గ్రంథులకు పాకినవి, దూరపు అవయవాలకు పాకినవి. మొదటి గుంపులో 0.3 మిల్లీమీటర్ల మచ్చనూ, 6 మిల్లీమీటర్లు దిగి పుండు పడిన మచ్చనూ ఒకే గాటన కట్టేస్తారు. పలుచటి మచ్చలే ఎక్కువ కాబట్టి సగటు 99 దాటుతుంది. లోతైన మచ్చ ఉన్న మనిషి ఆ అంకె చూసి ధీమాగా ఉంటే చెకప్‌లు మానేసే ప్రమాదం ఉంది.

పైగా ఆ రిజిస్ట్రీ చెప్పేది సాపేక్ష మనుగడ. అంటే అదే వయసు, అదే ఆడామగా లెక్కలో ఉన్న మామూలు జనంతో పోలిస్తే ఎంత శాతం మంది బతికారన్నది. స్టేజి లెక్కలో ఉన్నది వేరే కొలత, మెలనోమా వల్లే చనిపోయినవాళ్లను మాత్రమే చూస్తారు. మందుల పరీక్షల్లో కనిపించేది ఇంకొకటి, ఏ కారణంతో పోయినా పోయినట్టే లెక్క. ఎనభై ఏళ్ల మనిషికి ఈ మూడు కొలతల్లో మూడు వేరువేరు అంకెలు వస్తాయి. వాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి పోల్చడం తప్పు.

ఇంకో మెలిక ఉంది, నా దృష్టిలో అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది ఇదే. ఇద్దరికి ఒకేలాంటి మెలనోమా ఉందనుకోండి, ఇద్దరూ డెబ్బయ్యో ఏటే దానితో చనిపోయారు. ఒకరికి అరవై రెండో ఏట బయటపడింది, ఇంకొకరికి అరవై ఏడో ఏట. మొదటి మనిషి ‘ఐదేళ్లు దాటిన’ జాబితాలో ఉంటాడు, రెండో మనిషి ఉండడు. ముందుగా తెలియడం వల్ల మొదటి మనిషికి ఒక్కరోజు కూడా కలిసిరాలేదు, అయినా శాతం పెరిగింది. అమెరికాలో 1975 నుంచి 2017 దాకా మెలనోమా నిర్ధారణలు దాదాపు ఆరింతలయ్యాయి, మరణాలు మాత్రం చాలాకాలం పెద్దగా మారలేదు. జబ్బు నిజంగా ఆరింతలైతే మరణాలు అలా ఉండవు. వెతుకులాట, బయాప్సీలు పెరిగి, వదిలేసినా ప్రాణం తీయని మచ్చలు కూడా ఈ పేరు కిందికి వచ్చాయన్నది చాలామంది నిపుణుల అభిప్రాయం. అలాంటివి కలిసినకొద్దీ శాతం మెరుగ్గా కనిపిస్తుంది.

అలాగని పలుచటి మచ్చలన్నీ అమాయకమైనవి అనుకోకూడదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్‌లో మెలనోమా ప్రపంచంలోకెల్లా ఎక్కువ. అక్కడి మరణాలను మందం ప్రకారం విడదీసి చూస్తే, 4 మిల్లీమీటర్లు దాటిన మచ్చల వల్ల పోయినవాళ్ల కన్నా 1 మిల్లీమీటరు లోపు మచ్చల వల్ల పోయినవాళ్లే ఎక్కువని తేలింది. కారణం సులువే. పలుచటి మచ్చ ఒక్కోదానికి ప్రమాదం చాలా తక్కువ, కానీ అవి ఉన్నవాళ్లు చాలా ఎక్కువ. ఒక మనిషికి ధైర్యం చెప్పే అంకె, మొత్తం జనం మీద చూస్తే శోకమే మిగులుస్తుంది. రెండూ నిజమే.

2011 తర్వాత మారిన లెక్క

ఆరు నుంచి తొమ్మిది నెలలు అన్న పాత పేజీ సంగతికి వద్దాం. ఒకప్పుడు అది నిజంగా నిజం. దూరపు అవయవాలకు పాకిన నాలుగో స్టేజి మెలనోమాలో సగంమంది ఏడాది తిరక్కుండానే పోయేవారు. ఐదేళ్లు ఉన్నవాళ్లు పదిమందిలో ఒక్కరు కూడా కాదు. 1975లో ఆమోదం పొందిన డకార్బజీన్ అనే కీమో మందే దశాబ్దాలపాటు దిక్కు. దానివల్ల ఆయుష్షు పెరిగిందని ఎప్పుడూ రుజువు కాలేదు.

2011లో రెండు దారులు తెరుచుకున్నాయి. మన రోగనిరోధక కణాలకు అదుపు తప్పకుండా బ్రేకులుంటాయి. క్యాన్సర్ ఆ బ్రేకులను తొక్కిపట్టి తప్పించుకుంటుంది. ఆ బ్రేకులను వదిలించే మందుల్లో మొదటిది ఇపిలిముమాబ్, ఆ ఏడాది మార్చిలో అమెరికాలో ఆమోదం పొందింది. 2014లో పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ వచ్చాయి. ఈ బ్రేకులను కనిపెట్టి, వాటిని తీస్తే క్యాన్సర్ మీద పోరాడొచ్చని చూపిన జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ ఇచ్చారు. రెండో దారి మాత్రలది. చర్మ మెలనోమాల్లో దాదాపు సగానికి బీ-రాఫ్ అనే జన్యువులో ఒక మార్పు ఉంటుందని 2002లో కనుగొన్నారు. దాన్ని అడ్డుకునే వెమురాఫెనిబ్ 2011 ఆగస్టులో వచ్చింది. ఇప్పుడు ఇలాంటి మందులను రెండేసి కలిపి ఇస్తున్నారు.

945 మంది రోగులతో చేసిన ఒక పరీక్షలో ఇపిలిముమాబ్, నివోలుమాబ్ రెండూ కలిపి తీసుకున్నవాళ్ల పదేళ్ల ఫలితాలు 2024లో వచ్చాయి. పదేళ్లకు బతికున్నవాళ్లు 43 శాతం. నివోలుమాబ్ ఒక్కటే తీసుకున్నవాళ్లలో 37, ఇపిలిముమాబ్ ఒక్కటే అయితే 19. రెండూ కలిపి తీసుకున్నవాళ్లలో సగంమంది దాదాపు ఆరేళ్ల దాకా ఉన్నారు. ఆరేడు నెలలు ఆరేళ్లయ్యాయి. క్యాన్సర్ వైద్యంలో ఒక తరం కాలంలోనే ఇంత మార్పు వచ్చిన జబ్బులు చాలా అరుదు, ఇది రాస్తుంటే నాకు సంతోషంగా ఉంది.

ఆ ఫలితాల గ్రాఫ్ ఆకారాన్ని చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. మొదటి రెండు మూడేళ్లు గీత నిటారుగా దిగుతుంది, తర్వాత నెమ్మదించి చదునైపోతుంది. అంటే ఈ మందులు అందరికీ కొంచెం కొంచెం ఆయుష్షు పంచలేదు. కొంతమందికి అసలు పనిచేయలేదు, పనిచేసినవాళ్లలో చాలామందికి ఏళ్ల తరబడి నిలిచింది. అందుకే ‘సగటున ఇన్ని నెలలు’ అన్న మాట ఈ జబ్బులో దాదాపు ఎవరికీ సరిపోదు. మాత్రల గ్రాఫ్ వేరుగా ఉంటుంది. గడ్డలు వారాల్లో కరుగుతాయి, కానీ చాలామందిలో క్యాన్సర్ మళ్లీ తల ఎత్తుతుంది. రెండు మాత్రలు కలిపి వాడిన పెద్ద పరీక్షల్లో ఐదేళ్లకు 34 శాతం మంది ఉన్నారు. అందుకే, జన్యు మార్పు ఉన్నా వీలైతే ఇమ్యునోథెరపీతో, అంటే బ్రేకులు తీసే మందులతో, మొదలుపెట్టడమే మేలని తేలింది. ఒక పరీక్షలో అలా మొదలుపెట్టినవాళ్లలో రెండేళ్లకు 72 శాతం మంది, మాత్రలతో మొదలుపెట్టినవాళ్లలో 52 శాతం మంది బతికున్నారు.

జిమ్మీ కార్టర్ సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. అమెరికా మాజీ అధ్యక్షుడు. 2015 ఆగస్టులో, తొంభై ఏళ్ల వయసులో, మెలనోమా కాలేయంలోనూ మెదడులోనూ కనబడిందని ఆయనే చెప్పారు. సర్జరీ, రేడియేషన్, పెంబ్రోలిజుమాబ్ తీసుకున్నారు. అదే డిసెంబరులో స్కాన్‌లో ఏమీ కనిపించలేదు. నూరేళ్లు నిండి 2024 డిసెంబరు 29న కన్నుమూశారు. ఒక మనిషి కథతో లెక్క మారదు, అందరికీ అలా జరగదు. కానీ పాత పేజీలు నమ్మి ఆయన ముందే చేతులెత్తేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

ఈ మందులకు ఖరీదు ఒంటితో కూడా కట్టాలి. బ్రేకులు తీసేసిన రోగనిరోధక శక్తి పేగుల మీదా, కాలేయం మీదా, థైరాయిడ్ మీదా, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ మీదా పడొచ్చు. రెండు మందులూ కలిపి తీసుకున్నవాళ్లలో సగానికి పైగా తీవ్రమైన ఇబ్బందులు చూశారు. కొందరికి జీవితాంతం హార్మోన్ మాత్రలు తప్పవు. నాలుగో స్టేజిలో రక్తంలో ఎల్డీహెచ్ అనే ఎంజైము పెరిగి ఉంటే, మెదడుకు పాకి ఉంటే ఇప్పటికీ అంకెలు తగ్గుతాయి. అయితే ఆ అంకెలూ ఇదివరకటిలా లేవు.

స్టేజి పట్టికకూ ఇదే చిక్కు. ఎనిమిదో కూర్పులోని ఒకటి నుంచి మూడో స్టేజి రోగులకు 1998 తర్వాత జబ్బు బయటపడింది, వాళ్లలో ఎక్కువమందికి ఈ మందులు అందలేదు. అంటే ఈరోజు మూడో స్టేజి అని తెలిసిన మనిషి చదువుతున్నది నిన్నటి మనుషుల లెక్క. ఈమధ్య ఇంకా ముందుకు వెళ్లారు. లింఫు గ్రంథుల్లో బిళ్లలు తేలిన రోగులకు ఆపరేషన్‌కి ముందే రెండు మందులూ ఇచ్చి చూశారు. 2024లో వచ్చిన ఫలితాల్లో ఏడాది గడిచేసరికి జబ్బు ముదరకుండా, తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు ముందే మందు తీసుకున్న గుంపులో 84 శాతం, ముందు ఆపరేషన్ చేయించుకున్న గుంపులో 57 శాతం. గడ్డ ఒంట్లో ఉన్నప్పుడు మందు ఇస్తే, రోగనిరోధక కణాలు దాన్ని చూసి శత్రువును గుర్తుపట్టడం నేర్చుకుంటాయన్నది దీని వెనక ఆలోచన. వీటి పదేళ్ల అంకెలు ఇంకా పుట్టనే లేదు.

అరికాలు, గోరు

మెలనోమా తెల్లవాళ్ల జబ్బు అన్న మాట సగం నిజం. ఎండలో కాలిన లేత చర్మానికి ఎక్కువగా వస్తుంది, ఆ సంగతి సరే. ముదురు రంగు చర్మం ఉన్నవాళ్లకు అరుదుగా వస్తుంది, కానీ వచ్చినప్పుడు ఎక్కువగా ఎండ తగలని చోట వస్తుంది: అరికాలు, అరచేయి, గోరు కింద. దీన్ని ఏక్రల్ మెలనోమా అంటారు. పాటగాడు బాబ్ మార్లేకి 1977లో కాలి బొటనవేలి గోరు కింద బయటపడింది ఇదే. 1981 మే 11న ముప్పై ఆరేళ్లకే పోయారు.

అమెరికాలో తెల్లవాళ్లలో ఐదేళ్ల మనుగడ 94 శాతం దాకా ఉంటే, నల్లజాతివారిలో 70 శాతం దగ్గర ఉంది. ఆలస్యంగా బయటపడటం పెద్ద కారణం. అరికాలి మచ్చను ఆనెకాయ అనుకుంటారు, గోటి కింద నలుపును దెబ్బ అనుకుంటారు, డాక్టర్లు కూడా పొరబడతారు. ఇంకో కారణం జబ్బులోనే ఉంది. ఎండ వల్ల పుట్టిన మెలనోమాలో జన్యు మార్పులు వేలకొద్దీ ఉంటాయి, రోగనిరోధక కణాలకు అవే గుర్తులు. ఏక్రల్ రకంలో ఆ మార్పులు తక్కువ, అందుకే బ్రేకులు తీసే మందులు అందులో అంత బాగా పనిచేయవు.

గోటిని ఎలా చూడాలో ఒక్కసారి చెప్పనివ్వండి. దెబ్బ తగిలి గడ్డకట్టిన రక్తం గోరు పెరిగేకొద్దీ ముందుకు జరుగుతుంది. కాలి బొటనవేలి గోరు నెలకు ఒకటిన్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది, కాబట్టి రెండు మూడు నెలల్లో నలుపుకీ గోటి మొదలుకీ మధ్య శుభ్రమైన గోరు కనబడాలి. మెలనోమా చార అలా జరగదు. మొదలు నుంచి చివరిదాకా గీతలా ఉంటుంది. ఆ గీత చివర కన్నా మొదట్లో వెడల్పుగా ఉంటే, పుట్టేచోట అది ఈమధ్యే వెడల్పవుతోందని అర్థం. నలుపు గోరు దాటి పక్క చర్మం మీదికి పాకితే ఇక ఆగకుండా చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

కంట్లో పుట్టే మెలనోమా, నోరు, ముక్కు లాంటి తడి పొరల్లో పుట్టే మెలనోమా వేరే జబ్బులు. పేరు ఒకటే అయినా ఇక్కడ చెప్పిన అంకెలేవీ వాటికి వర్తించవు.

మిగతావి క్లుప్తంగా. వయసు మీరినకొద్దీ ఫలితం తగ్గుతుంది. ఆడవాళ్లు మగవాళ్ల కన్నా మెరుగ్గా ఉంటారు. చేతులూ కాళ్ల మీది మచ్చల కన్నా తల మీదివి ప్రమాదం. మైక్రోస్కోపు కింద విడిపోతూ కనిపించే కణాలు ఎక్కువైతే మంచిది కాదు.

గడిచిన ఏళ్లు ఊరికే పోవు

జబ్బు తెలిసిన రోజున చెప్పిన శాతం ఆ రోజుకే చెల్లుతుంది. మెలనోమా తిరగబెట్టేది ఎక్కువగా మొదటి మూడేళ్లలో. ఆ మూడేళ్లూ ఏమీ లేకుండా గడిస్తే, లెక్కను మొదటి నుంచి కాకుండా అక్కడి నుంచి మళ్లీ వేయాలి. ఇందాకటి పదేళ్ల పరీక్షలోనే దీనికి కళ్లకు కట్టే ఉదాహరణ ఉంది. రెండు మందులూ కలిపి తీసుకున్న నాలుగో స్టేజి రోగుల్లో, మూడేళ్ల నాటికి జబ్బు ముదరకుండా ఉన్నవాళ్లను విడిగా చూస్తే, పదేళ్లకు వాళ్లలో 96 శాతం మంది మెలనోమాతో చనిపోలేదు. ఇదే కొలతలో, అంటే మెలనోమా మరణాలే లెక్కిస్తే, మొదటి రోజు 52 శాతంగా ఉన్న గుంపులోంచే వచ్చినవాళ్లు వీళ్లు. మూడో ఏడాది చెకప్‌లో కూర్చున్న మనిషి తలలో ఇంకా మొదటి రోజు అంకే తిరుగుతుంటుంది. ‘ఇప్పుడు నా లెక్క ఎంత?’ అని డాక్టర్ని అడిగే హక్కు ఆ మనిషికి ఉంది, అడగాలి కూడా.

అలాగే పదేళ్లు దాటాక తిరగబెట్టినవాళ్లూ ఉన్నారు, కొద్దిమందే. ఒకసారి మెలనోమా వచ్చినవాళ్లకు ఇంకోచోట కొత్తది పుట్టే అవకాశం కూడా మామూలు జనం కన్నా ఎక్కువ. అందుకే చెకప్‌లు ఏళ్ల తరబడి ఉంటాయి. తిరగబెట్టినవాటిలో చాలా భాగం స్కాన్‌లో కాకుండా రోగుల చేతికే ముందు తగులుతాయి. నెలకోసారి స్నానం చేసేటప్పుడు, సబ్బు చేతితో కోత గీత మీద వేళ్లు పరచి నెమ్మదిగా నొక్కుతూ వెళ్లాలి. తర్వాత గీత చుట్టూ, అక్కడి నుంచి చంకదాకానో గజ్జలదాకానో. గట్టిగా, గింజలా ఏదైనా కొత్తగా తగిలితే, రెండు వారాల్లో తగ్గకపోతే, వచ్చే చెకప్ దాకా ఆగక్కర్లేదు. ఆ రోజే ఫోన్ చేయండి.